రోజువారీ మాటలతో కొరియన్: మొదలుపెట్టేవాళ్ళకి ఈ పాఠాలు పనికొస్తాయా?

నమస్తే అండీ. కొరియన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఇప్పుడు నెట్‌లో ఒక రకం పాఠాలు బాగా నడుస్తున్నాయి. గ్రామర్ తర్వాత చూద్దాం, ముందు కాఫీ షాపులో, బస్టాపులో, కొట్లో మాట్లాడుకునే మాటలు పట్టుకోండి అంటారు. వాటితో మన తెలుగువాళ్ళు నిజంగా మాట్లాడగలుగుతారా అన్నదే ఈ వీడియో. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనకి ఇది చాలా మంచి దారి. ఇంగ్లీషువాళ్ళకంటే మనకే ఎక్కువ కలిసొస్తుంది. కాకపోతే ఏ పాఠం ఎంచుకుంటున్నామో కాస్త చూసుకోవాలి.

ఎందుకంటున్నానో చూపిస్తాను. స్క్రీన్ మీద ఒక వాక్యం వేశాను చూడండి. "ఖొఫి హనా జుసేయో." ఖొఫి అంటే కాఫీ, హనా అంటే ఒకటి, జుసేయో అంటే ఇవ్వండి. కాఫీ ఒకటి ఇవ్వండి. ఒక్క మాట కూడా చోటు మారలేదు. ఇంకోటి చూడండి. "చొనున్ హైదరాబాదెసొ వాస్సొయో." నేను, హైదరాబాద్ నుంచి, వచ్చాను. ఆ "ఎసొ" మన "నుంచి" లాగే ఊరి పేరు వెనకాలే వచ్చింది. క్రియ చివర్లో ఉంది. ఇంగ్లీషులో చెప్పే టీచర్లు ఈ రెండు విషయాలకే పాఠాలకి పాఠాలు ఖర్చు పెడతారు, ఎందుకంటే అవతల వినేవాళ్ళకి అంతా తలకిందులుగా ఉంటుంది. మీకు ఆ గొడవే లేదు. ఆ భాగం దాటేసి నేరుగా సంభాషణకి వెళ్ళిపోండి. విన్న వాక్యాన్ని మనసులో ఇంగ్లీషులోకి మార్చుకునే అలవాటు ఉంటే మానేయండి, తెలుగు పక్కన పెట్టి చూడండి.

మర్యాద సంగతీ అంతే. "జుసేయో" ఇవ్వండి అయితే, "జ్వొ" అంటే ఇవ్వు. ఎవరిని అండీ అనాలి, ఎవరిని ఏరా అనొచ్చు అన్న లెక్క మనకి చిన్నప్పుడే వంటబట్టేసింది. కానీ ఇక్కడే ఒక జాగ్రత్త. కొరియన్ సీరియల్స్ చూసి నేర్చుకున్నవాళ్ళ నోట్లో చనువు మాటలే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే తెర మీద స్నేహితులు, ప్రేమికులే ఎక్కువసేపు మాట్లాడుకుంటారు. ఆ మాటలు తీసుకెళ్ళి షాపు యజమానితో అంటే ఆయనకి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి పాఠం ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది, వాక్యాలు చివర మర్యాద తెలిపే "యో"తో ముగుస్తున్నాయా లేదా అని. కొత్త మనిషితో, కొట్లో, ఆఫీసులో పక్క సీటు ఆయనతో చాలావరకు ఇదే నడుస్తుంది. కొన్ని పాత తరహా పాఠాలు "ఇది ఏమిటి, ఇది పుస్తకము" అన్న ధోరణిలో మొదలవుతాయి. తప్పేం లేదు గానీ, రోజువారీ మాటల పాఠం అని పేరు పెట్టుకున్నప్పుడు అది చాలదు.

రెండోది, "మీరు" అన్న మాట. కొన్ని పాఠాల్లో దీనికి "తాంగ్షిన్" అని నేర్పి, ప్రతి వాక్యంలోనూ పెట్టేస్తారు. కొరియాలో ఎదురుగా ఉన్న మనిషిని అలా పిలవడం చాలా అరుదు. పేరు చివర "షి" చేరుస్తారు, లేదా హోదాతో పిలుస్తారు, లేదంటే అసలు ఏమీ అనరు. పెనుకొండ కియా ప్లాంటులో 2019లో కార్ల తయారీ మొదలైంది కదా, అలాంటి చోట కొరియన్ వాళ్ళతో పనిచేసేవాళ్ళకి ఇది బాగా అవసరం. కిమ్ గారు డిపార్ట్‌మెంట్ హెడ్ అయితే ఆయన "కిమ్ బుజాంగ్నిమ్". ఉత్త కిమ్ అనకూడదు.

ఇక లిపి. మాటలే కదా, అక్షరాలు తర్వాత చూసుకుందాం అనుకోకండి. నా మాట నమ్మి లిపితోనే మొదలుపెట్టండి. హాంగుల్‌ని సెజాంగ్ రాజు 1446లో ప్రజల్లోకి తెచ్చారు, మామూలు జనానికి చదువు అందాలనే ఆ లిపి చేయించారు. మూలాక్షరాలు 14 హల్లులు, 10 అచ్చులు. గుణింతాలు, ఒత్తులు నేర్చిన మనకి అక్షరాలు కూడబెట్టి ఒక గడిలో రాయడం కొత్తేమీ కాదు. పైగా సియోల్లో చాలా కాఫీ షాపుల్లో ఆర్డర్ తీసుకునేది మనిషి కాదు, కియోస్క్, అంటే తెర తాకి ఆర్డర్ ఇచ్చే మిషన్. తెర మీద "అమెరికానో", "ఐస్" అన్న మాటలే ఉంటాయి, కానీ హాంగుల్లో. చదవడం రాకపోతే ఆ "జుసేయో" ఎవరికి చెప్తారు?

ఉచ్చారణలో మనకి ఇబ్బంది పెట్టేవి కొన్ని ఉన్నాయి. "ఉ" అని పెదాలు గుండ్రంగా తిప్పకుండా పలికే ఒక అచ్చు ఉంది, తెలుగులో లేదు. "పుల్" అన్న మాటని మామూలుగా అంటే నిప్పు, గాలి వదిలి "ఫుల్" అంటే గడ్డి, బిగించి "ప్పుల్" అంటే కొమ్ము. ఈ మూడూ చెవికి విడివిడిగా అందడానికి టైం పడుతుంది, తొందరపడకండి. ఆడియోని నిదానంగా పెట్టి వినే సౌకర్యం లేని పాఠాన్ని నేను సిఫారసు చేయను.

అయితే ఇంకోచోట మనకి గొప్ప సాయం ఉంది. థాంక్స్ చెప్పే మాటలో అక్షరాలు చూస్తే "హప్", "ని", "దా". పలికేది మాత్రం "కమ్సాహమ్నిదా". ప్ ఎక్కడికి పోయింది అని అందరూ కంగారు పడతారు. స్కూల్లో చదివిన అనునాసిక సంధి గుర్తు తెచ్చుకోండి. జగత్, నాథుడు కలిస్తే జగన్నాథుడు అవుతుంది. వాక్కు ముందు ఉండి మయం వస్తే వాఙ్మయం అవుతుంది. ఇక్కడా అదే జరిగింది. కొరియన్ భాషకి వాళ్ళు చెప్పే పేరు "హాన్‌గుక్", "మల్", కలిపి పలికితే క్ కాస్తా ఙ అయిపోతుంది. ఈ ముక్క ఎవరైనా తెలుగులో చెప్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఇలా తెలుగు వ్యాకరణం పట్టుకుని చెప్పే కొరియన్ పాఠాలు ఇంకా చాలా రావాలని నా కోరిక.

సంభాషణ పాఠాలన్నిట్లో నాకు కనిపించిన పెద్ద లోటు చెప్తాను. మీ వాక్యం నేర్పుతారు, అవతలివాళ్ళ జవాబు నేర్పరు. కాఫీ అడగడం వచ్చేసింది, బాగుంది. కౌంటర్ దగ్గర మనిషి వెంటనే ఇక్కడే తాగుతారా, పార్సిలా, వేడిగానా, ఐస్‌తోనా, రసీదు కావాలా అని గబగబా అడుగుతారు. పాఠం మాత్రం అప్పటికే అయిపోయింది. అందుకే ఏ సంభాషణ అయినా రెండోసారి వినేటప్పుడు మీరు కస్టమర్ కాకుండా కొట్లో మనిషిగా మాట్లాడి చూడండి. ఆ ప్రశ్నలు మీ నోటితో అంటేనే రేపు చెవికి అందుతాయి.

అంకెలూ అంతే, ఒక్క పాఠంతో సరిపెట్టేస్తారు. కొరియన్లో అంకెలు రెండు వరసలు. గంటలకి ఒక వరస, నిమిషాలకి ఇంకో వరస. డబ్బు దగ్గర లెక్క వేల మీద కాదు, పదివేల మీద నడుస్తుంది. పదివేలని "మాన్" అంటారు. 15,000 వొన్‌లు అంటే "మాన్ ఓచొన్", ఒక పదివేలు, అయిదువేలు. మన లక్ష వాళ్ళకి పది పదివేలు, "షిమ్మాన్". ధర విన్నాక వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడకూడదు అంటే దీన్ని విడిగా, రోజూ కాసేపు సాధన చేయాల్సిందే.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే కొరియా ప్రభుత్వం 2012లో పెట్టిన కింగ్ సెజాంగ్ ఇన్‌స్టిట్యూట్ ఫౌండేషన్ ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి, ఉచితం. డబ్బు కట్టే కోర్సు అయితే మాత్రం ముందు ఉచితంగా చూపించే పాఠాలు రెండు మూడు చూడండి. వాక్యాలు "యో"తో ముగుస్తున్నాయా, లిపి మొదట్లోనే నేర్పుతున్నారా, అవతలి మనిషి మాటలకి కూడా అర్థం చెప్తున్నారా. మూడూ ఉంటే తీసుకోండి.

టాపిక్ (TOPIK), అంటే కొరియన్ ఎంత వచ్చో చూసే పరీక్ష, రాసేవాళ్ళకి ఒక మాట. మొదటి రెండు స్థాయిలకి పెట్టే పేపర్లో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి, మాట్లాడటం లేదు. 200 మార్కులకి 80 వస్తే మొదటి స్థాయి, 140 వస్తే రెండోది. దానికి సంభాషణ పాఠాలు ఒక్కటే సరిపోవు, పదాల పట్టిక, చదివే సాధన విడిగా పెట్టుకోవాలి. పరీక్ష ఆలోచన లేకుండా మనుషులతో మాట్లాడాలని నేర్చుకునేవాళ్ళు మాత్రం ఈ పాఠాలతోనే మొదలుపెట్టేయండి.