సరుకుల కొట్టులో అపరిచితులు: మర్యాద ఎక్కడ తప్పుతోంది?

[తెరపై: రెండు అరల మధ్య ఇరుకు దారి. ఒక ట్రాలీ అడ్డంగా నిలిచి ఉంది. దాని పక్కన ఒకరు డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువుతున్నారు. వెనక ఇంకొకరు ఆగి ఉన్నారు.]

నమస్కారం. ఈ దృశ్యాన్ని కాసేపు గమనించండి. ముందున్నవారు డబ్బా మీది అక్షరాల్లో మునిగిపోయారు. తమ ట్రాలీ దారికి అడ్డంగా ఉందన్న ధ్యాసే ఆ క్షణంలో వారికి లేదు. వెనకనున్నవారు నోరు తెరిచి ఒక్క మాట అడగరు. ముందు నిట్టూరుస్తారు, తరువాత తమ ట్రాలీని కాస్త గట్టిగా కదిపి చప్పుడు చేస్తారు, చివరికి అడ్డంగా ఉన్నదాన్ని తామే పక్కకు నెట్టి ముఖం చిట్లించుకుని వెళ్లిపోతారు. డబ్బా పట్టుకున్నవారు తలెత్తి చూసేసరికి కనిపించేది వెళ్లిపోతున్న వీపు మాత్రమే. "ఎంత మర్యాద లేని మనిషి" అని ఒకరిని గురించి ఒకరు అనుకుంటూ ఇద్దరూ ఇళ్లకు చేరుకుంటారు.

సరుకులు కొనేచోట మనకు ఎదురయ్యే దురుసుతనంలో చాలా భాగం చెడ్డ మనసులోంచి పుట్టదని నేను నమ్ముతున్నాను. పక్కన ఒక మనిషి ఉన్నారని గమనించకపోవడంలోంచి, గమనించినా ఆ సంగతి వారికి తెలియనివ్వకపోవడంలోంచి అది పుడుతుంది. ఈ వీడియోలో నేను వివరించబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

[తెరపై: పాతకాలపు కొట్టు బొమ్మ. బల్లకు అటువైపు గుమాస్తా, ఇటువైపు కొనేవారు.]

ముందుగా, ఇంతమంది అపరిచితులం ఒకే అర ముందు భుజాలు రాసుకుంటూ నిలబడే పరిస్థితి ఎలా వచ్చిందో చూద్దాం. ఒకప్పుడు కొట్టులో బల్లకు ఇవతల నిలబడి కావలసినవి చెబితే, గుమాస్తా లోపలినుంచి తెచ్చి, తూచి, కట్టి ఇచ్చేవాడు. ఎవరి వంతు ముందు, ఎవరిది వెనక అన్న తగువు వస్తే తీర్చేవాడూ అతడే. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ పేరుతో తెరిచిన కొట్టులో కొనేవారే అరల మధ్య తిరుగుతూ, సరుకులను తామే తీసుకుని, చివర డబ్బు చెల్లించే పద్ధతి మొదలైంది. ఆ పద్ధతి క్రమంగా ప్రపంచమంతా పాకింది. దాని వల్ల వచ్చిన సౌకర్యాన్ని గురించి అందరూ మాట్లాడతారు కానీ, అరల దగ్గర తగువు తీర్చే మనిషి లేకుండా పోయాడన్న సంగతిని తక్కువమంది పట్టించుకుంటారు. అంతకుముందు గుమాస్తా చేసిన సర్దుబాటు పనిని, ఎవరూ నేర్పకుండానే, ముక్కూ ముఖం తెలియనివాళ్లం మనలో మనమే చేసుకోవలసి వచ్చింది.

1937లో ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే సరుకుల కొట్ల యజమాని, కొన్నవి వేసుకోవడానికి చక్రాల బండిని ప్రవేశపెట్టాడు. మడత కుర్చీని చూసి వచ్చిన ఆలోచన అది. ఈనాటి ట్రాలీకి అదే మూలం. ట్రాలీని చేతబట్టిన మనిషి శరీరం ఒక్కసారిగా రెండింతలు పొడవవుతుంది, కానీ మనసు మాత్రం పాత కొలతనే గుర్తుపెట్టుకుంటుంది. అందుకే మలుపు తిరిగేటప్పుడు దాని మూల ఎవరి మడమకో తగులుతుంది. తగిలినవారికి అది ఒక ఇనుప వస్తువు తగిలినట్టు ఉండదు. ఒక మనిషి తమను తోసినట్టే ఉంటుంది. కాబట్టి "అయ్యో, చూసుకోలేదండీ" అన్న మాట ఆ క్షణంలోనే రావాలి. నాలుగు అడుగులు వేశాక వెనక్కి తిరిగి చెప్పే క్షమాపణకు అంత బలం ఉండదు.

అయితే మర్యాద అంటే ఎప్పుడూ పలకరించడమే అనుకోకూడదు. పరాయివారు ఎదురైనప్పుడు ఒక్క క్షణం చూసి, వారున్నారని గుర్తించి, వెంటనే చూపు తిప్పుకోవడం కూడా ఒక మర్యాదేనని సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వివరించాడు. పక్కవారి ట్రాలీలోకి తొంగిచూసి, వారు ఏం కొంటున్నారో, ఎంత కొంటున్నారో లెక్కగట్టకుండా ఉండడం ఈ కోవలోకే వస్తుంది. ఇక ఆ సరుకులపై అడగని సలహా ఇవ్వడం, ఎంత మంచి ఉద్దేశంతో ఇచ్చినా, వారి ఇంట్లోకి తలుపు తట్టకుండా వెళ్లడం లాంటిదే.

[తెరపై: బిల్లింగ్ కౌంటర్ ముందు పొడవైన వరుస. మధ్యలో కాస్త ఖాళీ.]

అన్నిటికంటే ఎక్కువ మనసులు నొచ్చుకునే చోటు బిల్లింగ్ కౌంటర్ ముందున్న వరుస. ఇక్కడ కాస్త నిదానిద్దాం.

మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రమ్, అతని సహచరులు న్యూయార్క్‌లో 129 వరుసల్లోకి కావాలనే మనుషులను పంపి మధ్యలో చొరబడేలా చేసి, నిలబడి ఉన్నవారు ఏం చేస్తారో గమనించారు. ఆ ఫలితాలు 1986లో వెలువడ్డాయి. ఒక్కరే చొరబడినప్పుడు సుమారు 54 శాతం వరుసల్లో అభ్యంతరం వచ్చింది. ఇద్దరు చొరబడినప్పుడు అది 91 శాతానికి పెరిగింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మొదటి అంకె. దాదాపు సగం వరుసల్లో ఎవరూ పెదవి విప్పలేదు. అయితే ఆ మౌనాన్ని అంగీకారమని అనుకుంటే పొరబడినట్టే. చాలామంది లోలోపల కుతకుతలాడుతూనే ఊరుకుంటారు.

ఈ సంగతి నాకు అనుభవంలో తెలిసింది. ఒకసారి ఒక కొట్టులో, రెండు కౌంటర్లకు మధ్య కాస్త దూరంగా నిలబడి ఉన్న ఒకావిడను చూసి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నారనుకుని నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. సరుకులన్నీ బల్ల మీద పెట్టి బిల్లు కట్టాక వెనక్కి తిరిగితే, ఆవిడ బుట్టను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ కనిపించారు. బుట్ట పిడి నొక్కుకుపోయి ఆవిడ అరచేయి ఎర్రగా కంది ఉంది. "మీరు వరుసలో ఉన్నారా?" అని అప్పుడు అడిగాను. "ఫర్వాలేదులెండి" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, కానీ నా ముఖంలోకి చూడకుండా అన్నారు. నేను అడగవలసిన ప్రశ్ననే అడిగాను, పది నిమిషాలు ఆలస్యంగా అడిగాను. అప్పటినుంచి ఎవరైనా వరుసకు దరిదాపుల్లో కనిపిస్తే చాలు, ముందుగా ఆ మూడు మాటలూ అడిగాకే నిలబడుతున్నాను.

నిజంగానే ముందుకు వెళ్లవలసిన అవసరం ఉంటే ఏం చేయాలి? అడగాలి, కారణం కూడా చెప్పాలి. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగంలో, జిరాక్స్ యంత్రం దగ్గర ఉన్నవారిని "నావి 5 పేజీలే, ముందు తీసుకోవచ్చా?" అని ఊరికే అడిగితే 60 శాతం మంది ఒప్పుకున్నారు, తొందరలో ఉన్నామని కారణం జోడిస్తే 94 శాతం మంది ఒప్పుకున్నారు. అర్థంలేని కారణం చెప్పినా ఫలితం ఇంచుమించు అలాగే ఉంది. కానీ అదే 20 పేజీలకు అడిగినప్పుడు అర్థంలేని కారణం పనిచేయలేదు. అసలైన కారణం చెప్పినా ఒప్పుకున్నవారు 42 శాతమే. చేతిలో ఒకటే వస్తువు ఉన్నవారికీ, నిండు ట్రాలీతో వచ్చి బతిమాలేవారికీ తేడా ఇదే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వరుసలో మీ ముందుకు ఒకరిని రానిస్తే, మీ సమయంతో పాటు మీ వెనక ఉన్న అందరి సమయాన్నీ మీరే ఇచ్చేస్తున్నారు. ఉదారంగా దారి ఇచ్చేవారికి వెనకనుంచి సణుగుడు వినిపించేది ఇందుకే. ఒకసారి వెనక్కి తిరిగి "వీరిది ఒక్కటే ఉంది, ముందు పంపిద్దామా?" అని అడిగితే, అప్పటివరకు సణిగేవారు కూడా తలూపుతారు, ఎందుకంటే ఇచ్చినవారిలో వారూ ఒకరయ్యారు.

ఇంతకూ మంచివాళ్లే ఎందుకు దురుసుగా ప్రవర్తిస్తారు? 1973లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ఒక ప్రయోగం కోసం, మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థులను ఒక భవనం నుంచి మరో భవనానికి పంపుతూ, దారిలో ఒక మనిషి దగ్గుతూ కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు. తొందర లేనివారిలో 63 శాతం మంది ఆగి సాయం చేయగా, ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవారిలో 10 శాతం మందే ఆగారు. పరోపకారాన్ని గురించి ప్రసంగించడానికి వెళ్తున్నవారు కూడా వారిలో ఉన్నారు. పని ముగించుకుని, అలసిపోయి, ఇంట్లో ఎదురుచూసేవారిని తలచుకుంటూ వచ్చే మనందరం కొట్టులో ఆ ఆలస్యమైన విద్యార్థులమే. నా మీదికి ట్రాలీ తోసినవారిని తిట్టుకోబోయిన ప్రతిసారీ నేను ఈ అంకెను తలచుకుంటాను, కోపం కొంత దిగుతుంది.

[తెరపై: స్కానర్ మీదుగా వెళ్తున్న వస్తువులు. క్యాషియర్ చేతులు మాత్రమే కనిపిస్తాయి.]

కౌంటర్‌కు అటువైపు ఉన్న మనిషి సంగతి వేరు. బార్‌కోడ్‌ను ఒక కొట్టులో తొలిసారి స్కాన్ చేసి సరుకు అమ్మినది 1974 జూన్ 26న. అప్పటినుంచి క్యాషియర్‌తో ఒక్క మాటైనా లేకుండా కొనుగోలు ముగించడం తేలికైంది. ఫోను చెవికి ఆనించుకుని, కార్డు బల్ల మీద పడేసి, సంచి అందుకుని వెళ్లిపోవడాన్ని నేను అన్నిటికంటే పెద్ద అమర్యాదగా లెక్కిస్తాను. అరల దగ్గర గొడవపడ్డ ఇద్దరూ సమానులు, ఎవరి దారిన వారు పోగలరు. క్యాషియర్ పోలేరు, ఎదురు మాట అనలేరు, పైగా చిరునవ్వు కూడా వారి ఉద్యోగంలో భాగమే. 2014లో వెలువడిన, మనస్తత్వ శాస్త్రవేత్తలు గిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ ఒక కాఫీ దుకాణం దగ్గర చేసిన పరిశీలనలో, క్యాషియర్ కళ్లలోకి చూసి, నవ్వి, రెండు మాటలు మాట్లాడినవారు, పని ముగించుకుని చకచకా వెళ్లినవారికంటే ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. మర్యాద ఇచ్చినవారికే ముందు మేలు జరిగిందన్నమాట.

[తెరపై: కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన చిల్లర లెక్కపెడుతున్నారు. వెనక నలుగురు.]

చివరగా ఈ పెద్దాయనను చూడండి. నాణేలను ఒక్కొక్కటే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. వెనకవారు ఒక్క అడుగు ముందుకు జరిగితే చాలు, ఆయన వేళ్లు తడబడతాయి, లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. ఆ అడుగు వెనక్కి వేసి "నిదానంగా చూసుకోండి" అన్నవారిని నేను చూశాను. పెద్దాయన వెనక్కి తిరగలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. కానీ భుజాలు కాస్త కిందికి దిగాయి, రెండో చేతిని బల్ల మీద ఆనించుకున్నారు, వెతుకుతున్న నాణెం జేబు మడతలో దొరికింది.