వెంట్రుకంత కాలువలో క్యాన్సర్ మందు

నమస్కారం. నా వెనుక కనిపిస్తున్నది ప్రకాశం బ్యారేజీ. విజయవాడ వైపు ఇక్కడే ఏలూరు, రైవస్, బందరు కాలువలు మొదలవుతాయి. చీలుతూ చీలుతూ చివరికి పొలంలో బోదెలవుతాయి. ఈ రోజు చెప్పబోయేదీ కాలువల సంగతే. కాకపోతే అవి తలవెంట్రుకంత సన్నటివి.

గుంటూరులో మా పెద్దమ్మకు కీమోథెరపీ జరుగుతోంది. మూడు వారాలకోసారి సెలైన్ స్టాండు పక్కన కూర్చుంటుంది. మొన్న నన్ను అడిగింది: "ఈ మందు పనిచేస్తుందో లేదో ముందే నా గడ్డ ముక్క మీద వేసి చూడకూడదట్రా?" ఎంత సరైన ప్రశ్న!

అలా చూసేందుకే ప్రయోగశాలల్లో చిప్ అనే ఒక పరికరం ఉంది. తపాలా బిళ్లంత సిలికోన్ రబ్బరు ముక్క. వెలుతురుకు అడ్డం పెడితే లోపల సన్నటి గీతలు కనబడతాయి. అవే కాలువలు. ఒక తూములో మందు, ఇంకో తూములో కణాలను పెంచే పోషక ద్రవం పంపుతారు.

వేర్వేరు మోతాదులు రావాలంటే ఈ రెండూ కలవాలి. చిక్కంతా ఆ కలపడంలోనే ఉంది. బ్యారేజీ గేట్ల కింద చూడండి, నీళ్లు ఎలా సుడులు తిరుగుతున్నాయో. వెంట్రుకంత కాలువలో సుడి పుట్టదు. రెండు ద్రవాలూ పక్కపక్కనే సాగిపోతాయి. మందు అణువులు వాటంతట అవే మెల్లగా అవతలికి చేరాలి. బడిలో చదువుకున్న విసరణ అదే. చిన్న మందు అణువు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, దాటడానికి సుమారు 10 సెకన్లు పడుతుంది. అదే సెంటీమీటరు దాటాలంటే ఒక రోజుకు పైనే! దూరం 100 రెట్లు పెరిగితే సమయం 10,000 రెట్లు పెరుగుతుంది. అందుకే కాలువను పాములా మెలికలు తిప్పి, ఆ పది సెకన్లూ దొరికేలా చేస్తారు. 2002లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం కాలువ అడుగున చేప ముల్లులాంటి గాట్లు పెట్టి, ద్రవాన్ని మెలితిప్పి త్వరగా కలిపే ఉపాయమూ చూపింది.

నాకు బాగా నచ్చినది అదే బృందం 2000లో చూపిన పంపకం. రెండు పాయలు మూడవుతాయి, మూడు నాలుగు, నాలుగు ఐదు. ప్రతి వరుసలోనూ పక్కపక్క పాయలు కలిసి మళ్లీ విడిపోతాయి. చివరి ఐదు పాయల్లో మందు 100, 75, 50, 25, 0 శాతంగా వస్తుంది. ఎవరూ పిపెట్‌తో, అంటే ద్రవాన్ని కొలిచి పోసే సన్నటి గొట్టంతో, ఒక్కో మోతాదూ కలపనక్కర్లేదు. ఆ పాయల చివర ఉంచిన కొద్దిపాటి గడ్డ కణాలతోనే, ఏ మోతాదుకు అవి చస్తున్నాయో ఒకేసారి చూడవచ్చు. గడ్డ నుంచి తీసే ముక్క ఎంత చిన్నదో తెలిసినవాళ్లకు దీని విలువ అర్థమవుతుంది.

లోపాలూ ఉన్నాయి. నూనెలో బాగా కరిగే మందులను ఈ సిలికోన్ కొంత పీల్చేసుకుంటుంది. అప్పుడు 50 శాతం అనుకున్న చోట కణానికి అంతకంటే తక్కువే అందుతుంది. పైగా చిప్‌లో కాలేయం లేదు. శరీరంలో మందును విరగ్గొట్టేది ప్రధానంగా అదే.

అందుకే పెద్దమ్మతో ఉన్నమాటే చెప్పాను: నువ్వు అడిగిన పరీక్ష ప్రయోగశాలల్లో జరుగుతోంది, నీ వార్డు దాకా ఇంకా రాలేదు. ఆవిడ ఆ కాలువల బొమ్మను ఫోనులో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "మన బోదెల్లాగే ఉన్నాయిరా," అంది.