సదరం కాగితంలో ఒక్క అంకె

(తెర మీద: ఏరియా ఆసుపత్రి వరండా. ఒక పెద్దాయన కుడి తొడ మీద చెయ్యి నొక్కి పట్టి మెట్లెక్కుతుంటాడు.)

మా చిన్న మామయ్య ప్యాంట్లన్నీ ఒకేచోట వెలిసిపోతాయి. కుడి మోకాలికి కాస్త పైన. పోలియో కాలు మడతపడిపోకుండా అడుగడుగునా అక్కడ చెయ్యి వేసి నొక్కుతాడు. యాభై ఏళ్లుగా అదే నడక. పెన్షన్ల రీవెరిఫికేషన్ అంటే వైకల్యం ఎంతో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి ఆయనకు తోడుగా వెళ్లాను. పోలియో కాలు ఈ మధ్యలో ఏమన్నా బాగయిందేమోనని చూస్తారన్నమాట!

ఎముకల డాక్టరు గది మేడ మీద. లిఫ్టు పనిచేయట్లేదు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాం అని మనం ఊరికే అనేస్తుంటాం. మామయ్య వెనక ఆ మెట్లెక్కిన రోజు నుంచి ఆ మాట నా నోటికి రావట్లేదు.

లోపల అయిదు నిమిషాల పని. కాలి కండరంలో బలమెంత, మోకాలు ఎంతవరకు వంగుతోంది, రెండో కాలికంటే ఎంత పొట్టి, ఇవన్నీ చూసి ఒక శాతం వేస్తారు.

(తెర మీద: పెద్ద అక్షరాల్లో 40)

ఇదీ గీత. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది కానీ, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ కావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. పెన్షనుకీ అదే లెక్క. ఆంధ్రలో 2024 జులై నుంచి అది నెలకు 6000, తెలంగాణలో 2023లో 4016 చేశారు. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకి ఇప్పుడు రంగులు కూడా ఉన్నాయి: 40 లోపు తెలుపు, 80 లోపు పసుపు, ఆపైన నీలం.

బయట బెంచీ మీద ఒకావిడ, పక్కన డిగ్రీ చదివే కొడుకు. గడ్డి కోసే మిషన్‌లో పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. "మావాడికి గీత దాటలేదన్నా. పరీక్షలో సగం పేపరు ఖాళీగా ఇచ్చి వస్తున్నాడు. 40 లేకపోతే రాసిపెట్టే మనిషిని ఇవ్వరంట" అంది మామయ్యతో.

చాలామంది ఇలాగే అనుకుని ఊరుకుంటారు. యూపీఎస్సీ పరీక్ష రాసే ఒకతనికి చెయ్యి పట్టేసే జబ్బు. 40 శాతం లేదని ఆ రాసిపెట్టే మనిషిని, అదే స్క్రైబ్‌ను ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అది తప్పంది. రాయడం కష్టమైతే చాలు, శాతంతో పని లేదని తేల్చింది. తర్వాత 2022లో కేంద్రం ఇలాంటివాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. రాయలేడని ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే స్క్రైబ్ వస్తాడు, గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు.

(తెర మీద: బందరు రోడ్డు, స్కూలు పిల్లలు)

మా బందరు వైపు నుంచే బొల్లా శ్రీకాంత్ వచ్చాడు. చూపు లేదు. అమెరికాలో ఎంఐటీలో చదివి, హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. ఆ విజయం గురించి అందరూ చెబుతారు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. పది పాసైన పిల్లాడు ఇంటర్లో సైన్సు గ్రూపు తీసుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. కోర్టుదాకా వెళ్లలేక వేరే గ్రూపుతో సరిపెట్టుకున్నవాళ్ల మీద ఎవరూ వీడియోలు చెయ్యరు.

ఇక ఉద్యోగం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు. పనిలో ఉన్నది 36 శాతమే. మామయ్యకు తొంభైల్లో ఎస్టీడీ బూత్ ఇచ్చారు. అప్పట్లో వికలాంగులకు ముందుగా ఇచ్చేవారు. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడ్డాక అక్కడే జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాడు. ఇంకో సంగతి కూడా తెలిసుండాలి: ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలని 2016 చట్టంలోనే ఉంది. తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవరుకి రంగులు సరిగా తెలియట్లేదని ఇంటికి పంపేశారు. సరిపడే వేరే పని ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. యాజమాన్యంతో కార్మిక సంఘాలు ఎప్పుడో చేసుకున్న పాత ఒప్పందం ఒకటి ఆయన్ను కాపాడింది.

(తెర మీద: పాత పెళ్లి ఫొటో)

ఇంట్లో సంగతులకు మాత్రం ఏ చట్టమూ లేదు. అమ్మ పెళ్లిచూపుల రోజు మామయ్యను పక్కింట్లో కూర్చోబెట్టారట. "ఆ ఇంటి రక్తంలోనే ఉందేమో" అంటారని భయం. పోలియో వైరస్ వల్ల వస్తుంది, వంశంలో వచ్చేది కాదు. ఆ మాట అప్పుడు ఎవరు వింటారు! మామయ్య సంబంధం మాట్లాడిన పెద్దమనిషి "అబ్బాయికి కాలు కొంచెం... మిగతాదంతా బంగారం" అన్నాడట. కట్నం లేకుండా చేసుకున్నాడని ఊరు మెచ్చుకుంది. ఆ మాట ఎత్తితే అత్తయ్య ఇప్పటికీ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

మెట్లు దిగడం ఎక్కడంకన్నా కష్టం. మామయ్య ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి దిగుతున్నాడు. కిందికొచ్చాక ఆగి, వెనకే వస్తున్న ఆవిడతో, "చెల్లెమ్మా, సాయంత్రం అబ్బాయిని నా కొట్టుకి పంపు. ఆ తీర్పు మా మేనల్లుడు వెతికిపెడతాడు, ప్రింటు నేను తీసిస్తా. డబ్బులేం వద్దు" అన్నాడు.