నిచ్చెన చివరి మెట్టు మీద ఎవరున్నారు? ‘అయామ్ నాట్ ఫ్యాట్... అయామ్ ఫ్లఫీ’ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది అమెరికన్ కామెడియన్ గేబ్రియల్ ఇగ్లేసియస్ ఒక్కడే నిలబడి నడిపిన ప్రదర్శన గురించి. టెక్సస్ రాష్ట్రంలోని ఎల్ పాసో నగరంలో ప్లాజా థియేటర్ వేదిక మీద చిత్రీకరించిన ఈ కార్యక్రమం 2009లో విడుదలైంది. పేరు ‘అయామ్ నాట్ ఫ్యాట్... అయామ్ ఫ్లఫీ’. చాలా ఏళ్ళ కిందట మొదటిసారి చూసినప్పుడు మొదటి నుంచి చివరి దాకా నవ్వుతూనే ఉన్నాను. ఈ మధ్య మళ్ళీ చూసినప్పుడు కూడా నవ్వాను గానీ, ఒక్క చోట మాత్రం నా నవ్వు ఆగిపోయింది. ఆ చోటు ఏమిటో, ఎందుకు ఆగిందో వివరంగా చెప్పాలనే ఈ వీడియో చేస్తున్నాను.

ముందుగా మనిషిని పరిచయం చేస్తాను. ఇగ్లేసియస్ 1976లో శాన్ డియేగోలో, మెక్సికన్ మూలాలున్న కుటుంబంలో, ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. తల్లి ఒంటరిగా పెంచింది. లాంగ్ బీచ్‌లో పెరిగి, సెల్‌ఫోన్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, 1997లో ఆ ఉద్యోగాన్ని వదిలి పూర్తిగా కామెడీలోకి వచ్చేశాడు. ఆ తెగింపు వల్ల ఉన్న ఇల్లు, కారు రెండూ పోయాయి. బొమ్మల చొక్కా, నిక్కరు వేసుకుని వేదిక మీదికి వచ్చే ఈ భారీ మనిషి తనను తాను ‘ఫ్లఫీ’ అని పిలుచుకుంటాడు. ఆ మాటకు తెలుగులో ఏం చెప్పాలా అని చాలాసేపు ఆలోచించాను. దూదిలాగా, కొత్త తలగడలాగా మెత్తగా ఉబ్బి ఉండటం దాని అర్థం. మన ఇళ్ళల్లో చంటిపిల్లల్ని చూసి ‘బొద్దుగా ముద్దుగా ఉన్నాడు’ అంటారే, ఆ ‘బొద్దు’లో ఉన్న మమకారమే ఆ మాటలోనూ ఉంది. లావు అనే మాట తప్పు పట్టినట్టు వినిపిస్తుంది, బొద్దు అనే మాట దగ్గరకు తీసుకున్నట్టు వినిపిస్తుంది. మనిషి అదే, బరువూ అదే. పేరు మార్చి ఆ మనిషికి కొంత గౌరవం తిరిగి తెచ్చుకోవడమే ఈ ప్రదర్శనకు పునాది.

ఈ ప్రదర్శనలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం లావులోని అంతస్తుల గురించి. అంతకుముందు తన ప్రదర్శనల్లో ఇగ్లేసియస్ లావుకు ఐదు మెట్లు కట్టాడు. బిగ్, హెల్తీ, హస్కీ, ఫ్లఫీ, డ్యామ్ అన్నవి ఆ ఐదు. మన మాటల్లో చెప్పుకుంటే పెద్ద మనిషి, ఆరోగ్యంగా ఉన్నవాడు, పుష్టిగా ఉన్నవాడు, బొద్దుగా ఉన్నవాడు, చివరగా చూడగానే ‘అమ్మో’ అనిపించేవాడు అన్నమాట. మనకు కూడా ఇలాంటి నిచ్చెన ఒకటి ఉంది. పెళ్ళిళ్ళలో కలిసిన బంధువులు మొదటి ఏడాది ‘కాస్త ఒళ్ళు చేశావు’ అంటారు, రెండో ఏడాది ‘పుష్టిగా ఉన్నావు, ఇంట్లో బాగా పెడుతున్నారన్నమాట’ అంటారు, మూడో ఏడాది ఏమీ అనకుండా మన వెనకాల మాట్లాడుకుంటారు. నేను పది కిలోలు తగ్గి, ఏడాది తిరక్కుండానే ఏడు కిలోలు మళ్ళీ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ మెట్ల ఎత్తు ఎంతో నాకు బాగా తెలుసు.

2009 ప్రదర్శనలో ఇగ్లేసియస్ ఆరో మెట్టు కనిపెట్టానని ప్రకటిస్తాడు. దాని పేరు ‘ఓ హెల్ నో’, అంటే ‘ససేమిరా వద్దు’ అనుకోవచ్చు. ఐదో మెట్టుకూ ఆరో మెట్టుకూ తేడా ఏమిటో చెప్పడానికి ఆయన ఎంచుకున్నది లిఫ్టు. మీరు స్నేహితులతో లిఫ్టులో ఉండగా చాలా లావుపాటి మనిషి ఎక్కాడనుకోండి. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ‘డ్యామ్’ అనుకుంటారే గానీ అతన్ని ఎక్కనిస్తారు. అది ఐదో మెట్టు. ఆరో మెట్టు మనిషైతే ఇంకా నడిచి వస్తూ ఉండగానే లోపలివాళ్ళు వద్దు బాబోయ్ అంటారు. ఆ తర్వాత తాను నిజంగా కలిసిన మనిషి కొలతలు చెబుతాడు. ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, బరువు 614 పౌండ్లు, అంటే దాదాపు 278 కిలోలు. థియేటర్ దద్దరిల్లిపోతుంది.

హాస్యపు పనితనం పరంగా చూస్తే ఈ ఘట్టంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎవరికైనా రోజూ ఎదురయ్యే లిఫ్టును పట్టుకున్నాడు, బరువు అన్న విషయాన్ని అందరూ కలిసి మోయాల్సిన చోట పెట్టాడు, ‘కానీ ఎక్కనిస్తారు’ అన్న ఒక్క మాటతో ఐదో మెట్టు మనిషి మీద దయ చూపించాడు. అయినా నా నవ్వు ఆగింది సరిగ్గా ఇక్కడే. ఫ్లఫీ అనే నాలుగో మెట్టు మీద తాను నిలబడి, తనకు తాను ఒక ముద్దు పేరు పెట్టుకున్న మనిషి, నిచ్చెన చివరి మెట్టు మీద మాత్రం మరొకరిని నిలబెట్టాడు. ఆ మనిషికి మాట్లాడే అవకాశం లేదు. లిఫ్టు తలుపులు మూసుకుంటున్నప్పుడు బయట నిలబడ్డ ఆ మనిషికి ఏమనిపించిందో ఈ ప్రదర్శన మనకు చెప్పదు. పేరు మార్చుకునే హక్కు నాలుగో మెట్టు దాకానే ఉందా అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

పోల్చి చూసుకోవడానికి ఆయనదే మరొక ప్రసిద్ధమైన కథ చెబుతాను. డోనట్ల పెట్టె కొనుక్కుని కారులో వెళ్తుంటే పోలీసు ఆపుతాడు. ఎందుకు ఆపానో తెలుసా అని అడుగుతాడు. ఇగ్లేసియస్ పెట్టె చూపించి, వాసన తగిలిందనా అని అడుగుతాడు. అమెరికాలో పోలీసులకు డోనట్లంటే ప్రాణమని అందరూ అనుకునే మాట ఉంది కాబట్టి హాలంతా పగలబడి నవ్వుతుంది. ఈ కథలోనూ లావుపాటి మనిషి ఉన్నాడు, తిండి ఉంది, నోరు కట్టుకోలేని బలహీనత ఉంది. కానీ నవ్వు వెళ్ళి తగిలింది తుపాకీ, చలానా పుస్తకం ఉన్న అధికారికి. లిఫ్టు కథలో నవ్వు వెళ్ళి తగిలింది లిఫ్టు ఎక్కలేకపోయిన మనిషికి. నా దృష్టిలో మొదటిది రెండోదాని కంటే చాలా మేలైన హాస్యం.

ఇక గొంతు గురించి తప్పకుండా చెప్పాలి. ఆయన సహజమైన గొంతు సన్నగా ఉంటుంది. దాన్నే క్షణంలో బరువైన మగ గొంతుగా, ఆడ గొంతుగా, పోలీసు సైరన్‌గా, కారు శబ్దంగా మార్చేస్తాడు. హరికథ చెప్పే దాసుగారు ఒక్కరే రాముడూ, సీతా, హనుమంతుడూ అయ్యే సంప్రదాయం, వరంగల్‌కు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఒక్క కంఠంతో వందల గొంతులు పలికించిన ధ్వన్యనుకరణ కళ తెలిసిన మనకు ఈ విద్య విలువ వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీషు పూర్తిగా పట్టుబడనివాళ్ళు కూడా ఈ ప్రదర్శనను ఆనందించగలగడానికి కారణం అదే. లావు గురించి లేని కథలు కూడా మధ్యలో చాలానే ఉన్నాయి. వాటిలో జాతుల మీద వేసిన కొన్ని హాస్యాలు ఇప్పుడు చూస్తే పాతబడినట్టు అనిపించాయి.

ఈ ప్రదర్శన చూసినవాళ్ళు తప్పనిసరిగా దీని తర్వాతి అధ్యాయం కూడా చూడాలి. హవాయిలో చిత్రీకరించి 2013లో ప్రసారమైన ‘అలోహా ఫ్లఫీ’ అది. ఈ రెండింటి మధ్య ఇగ్లేసియస్ జీవితంలో జరిగిన సంగతి ఆయనే బహిరంగంగా చెప్పుకున్నాడు. బరువు 445 పౌండ్లకు, అంటే రెండు వందల కిలోలు దాటి వెళ్ళింది. టైప్ 2 డయాబెటిస్ బయటపడింది. ఇలాగే ఉంటే రెండేళ్ళే బతుకుతావని వైద్యులు చెప్పారు. అప్పుడు ఆహారం మార్చి, వ్యాయామం మొదలుపెట్టి వంద పౌండ్లకు పైగా తగ్గాడు. నిచ్చెనకు కొత్త మెట్టు కట్టి నవ్వించిన మనిషి, నాలుగేళ్ళు తిరిగేసరికి తన నిచ్చెన గురించి డాక్టరు నోట వినాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన చెప్పే బరువు కథల్లో నాకు ఎక్కువ నిజాయితీ కనిపించింది, ఎందుకంటే అక్కడ మనం చూసేది బయటివాళ్ళ కంటికి కనిపించే సైజును కాదు, లోపల ఉన్న మనిషి ఆకలిని, భయాన్ని.

పైగా ఆయన ముందున్న చిక్కు మామూలుది కాదు. పేరు, చొక్కా, పోస్టరు, టికెట్టు అన్నీ ‘ఫ్లఫీ’ మీదే నడుస్తున్నప్పుడు, బరువు తగ్గడమంటే తన వ్యాపారపు పెట్టుబడిని తానే తగ్గించుకోవడం. అయినా తగ్గాడు, పేరును మాత్రం వదల్లేదు. 2022లో లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియం టికెట్లన్నీ అమ్ముడుపోయిన మొదటి స్టాండప్ కామెడియన్‌గా నిలిచినప్పుడు కూడా ఆ ప్రదర్శన పేరు ‘స్టేడియం ఫ్లఫీ’యే.

మన సినిమాల్లో లావుపాటి మనిషి చాలా కాలంగా హీరో పక్కన ఉండి దెబ్బలు తినే పాత్ర మాత్రమే. 2015లో ‘సైజ్ జీరో’ కోసం అనుష్క బరువు పెరిగి కథానాయికగా నటించడం అంత పెద్ద వార్త అయిందంటే, ఆ చోటు ఎంత ఖాళీగా ఉండేదో తెలుస్తుంది. ఆ లెక్కన లావుపాటి మనిషే మైకు పట్టుకుని, కథ తానే చెప్పే ఈ ప్రదర్శనకు నేను ఎంతో విలువ ఇస్తాను.

అయితే మన ప్రేక్షకులు ఒక సంగతి గమనించాలి. ఆయన మెట్లు అమెరికన్ శరీరాలను చూసి కట్టినవి. భారతీయులకు తక్కువ బరువులోనే, ముఖ్యంగా పొట్ట దగ్గర కొవ్వు చేరడం వల్ల, షుగరు వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే మన దేశంలో వైద్యులు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కగట్టే కొలత) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. పాశ్చాత్యులకు ఆ హద్దులు 25, 30. ఆయన నిచ్చెనలో ‘హెల్తీ’ అనిపించే మనిషి మన ఊరి డాక్టరు దగ్గర మందుల చీటీతో బయటికి రావచ్చు.

రెండు ప్రదర్శనలనూ విడుదలైన వరుసలోనే చూడమని నా సలహా. 2009 నాటిదాన్ని ఒక్కరే కాకుండా నలుగురితో కలిసి చూడండి, అక్కడక్కడా పెద్దవాళ్ళకు మాత్రమే తగిన మాటలున్నాయి కాబట్టి చిన్నపిల్లలు పడుకున్నాక పెట్టుకోండి. ఆ నలుగురిలో బరువు తగ్గడానికి కష్టపడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, లిఫ్టు ఘట్టం వచ్చినప్పుడు తెర వైపు కాకుండా ఒకసారి వాళ్ళ ముఖం వైపు చూడండి.