కదిలే చేతికి పని చెప్పండి

అందరికీ నమస్కారం. పక్షవాతం వచ్చినవాళ్ళూ, వాళ్ళని చూసుకునేవాళ్ళూ ఇద్దరూ ఈ హాల్లో ఉన్నారు కాబట్టి సూటిగానే మాట్లాడతాను.

రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే మా ఆక్యుపేషనల్ థెరపీ గదిలో, పక్షవాతం వచ్చిన చేత్తో గ్లాసు పట్టుకోమంటే పట్టుకుంటారు. "ఇంట్లో ఈ చేత్తో ఏం చేస్తున్నారండీ?" అంటే మాత్రం నవ్వి ఊరుకుంటారు. పక్కనుంచి భార్య అందుకుంటుంది: "ఆయన్నెందుకు కష్టపెట్టడం, అన్నీ నేనే చేసిపెడుతున్నా కదా!" సమస్యంతా అక్కడే ఉందమ్మా.

చెయ్యి కదలడం వేరు, చెయ్యి వాడడం వేరు. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త ఈ తేడాని ముందు కోతుల్లో చూశాడు. స్పర్శ నరాలు కోసేసిన చేతిని కోతి వాడడం మానేసింది. బాగున్న చేతిని కట్టేస్తే, ఆ మానేసిన చేత్తోనే తిండి అందుకుంది. మొదట్లో ప్రయత్నించినప్పుడల్లా పని జరక్కపోవడంతో, వాడకుండా ఉండడమే దానికి అలవాటైపోయిందన్నమాట. (ఆ కోతుల ప్రయోగాల మీద పెద్ద గొడవే అయింది, అది వేరే కథ.)

మనుషుల్లో దీన్ని పరీక్షించిన ఎక్సైట్ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది అందులో ఉన్నారు. వాళ్ళలో కొందరికి 2 వారాల పాటు, మెలకువగా ఉన్నంతసేపూ దాదాపుగా, బాగున్న చేతికి తొడుగు వేశారు. రెండో చేత్తో రోజూ గంటల తరబడి పనులు చేయించారు. మామూలు వైద్యం అందుకున్నవాళ్ళ కన్నా వీళ్ళ చెయ్యి మెరుగుపడింది, ఏడాది తర్వాతా ఆ మెరుగు నిలిచింది. అయితే మణికట్టునీ వేళ్ళనీ కాస్తయినా పైకి లేపగలిగినవాళ్ళనే తీసుకున్నారు. ఇది విని ఇంటికెళ్ళి మీ అంతట మీరే చెయ్యి కట్టేయకండి. పక్షవాతం వచ్చిన మొదటి వారాల్లోనే ఈ సాధన మరీ ఎక్కువ గంటలు చేయించినవాళ్ళు తక్కువ కోలుకున్నారని 2009లో ఇంకో చిన్న అధ్యయనంలో తేలింది.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? మనకి అసలు చిక్కు అన్నం దగ్గర. కుడి చెయ్యి పడిపోతే ఎడమచేత్తో తినడం నామోషీ, అందుకని ఎవరో ఒకరు తినిపిస్తారు. చారన్నంతో మొదలుపెట్టకండి, జారిపోయి విసుగొస్తుంది. ఇడ్లీ తుంచమనండి. పళ్ళెం కింద తడిగుడ్డ వేస్తే కదలదు. ఆలస్యమవుతుంది, చొక్కా మీద పడుతుంది, పడనివ్వండి. వేళ్ళు ఇంకా రాకపోతే ఆ చేత్తో పళ్ళెం అంచు నొక్కిపట్టమనండి, అదీ వాడకమే. కరివేపాకు దూయడం, లైటు స్విచ్చి నొక్కడం, పేపరు పేజీ తిప్పడం, ఏదైనా సరే, ఆయనకి నిజంగా అవసరమైన పని కావాలి. రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంటే గుండీ పెట్టుకోవడం రాదు.

రాత్రి పడుకునేముందు ఆ చేత్తో ఇవాళ ఏయే పనులు చేశారో, ఎంత బాగా చేశారో రాసుకోండి. వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెండి, నేను ముందు అదే చూస్తాను.

రెండు జాగ్రత్తలు. స్పర్శ సరిగా లేని చేతికి వేడి తెలియదు, కాఫీ గ్లాసుతో, పొయ్యి దగ్గర సాధన వద్దు. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకండి. భుజం కీలు వదులుగా ఉంటుంది, ఒకసారి నొప్పి పట్టుకుందంటే ఆయన ఆ చేతిని అసలు ముట్టుకోనివ్వరు.

ఇక మైకు మీకిస్తాను, అడగండి.