చేతికి పడే ఊలు

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే అటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, ఇటు అల్లూరి జిల్లాలో చింతపల్లి, లంబసింగి వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపలికి దిగిపోతుంది. అక్కడి హాస్టళ్లలో పిల్లలు తెల్లారకుండానే పుస్తకాలు ముందేసుకోవాలి. ఒంటిమీద స్వెట్టర్ ఉన్నా చేతులు బయటే. పోనీ గ్లౌజులు తొడిగితే పెన్ను పట్టు దొరకదు. రాత్రంతా కాపలా కాసే వాచ్‌మన్‌కీ, చీకటితోనే పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికీ ఇదే ఇబ్బంది. వేళ్లను బయటికి వదిలేసి మణికట్టునూ అరచేతినీ కప్పే తొడుగు వీళ్లకు చక్కగా పనికొస్తుంది. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి బాగా పైపైన ఉంటాయి. అక్కడ వెచ్చగా ఉంటే వేళ్లకూ కొంత హాయి.

అల్లిక కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా వీటిని అల్లి పంచిపెట్టవచ్చు. 8వ నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి, మరీ సన్నం మరీ లావు కాని ఊలు ఒక 50 గ్రాములు చాలు. 40 కుట్లు ఎక్కించి, రెండు నిట్ (సూటి కుట్టు) రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున అల్లుకుంటూ పోవడమే. 20 సెంటీమీటర్లు వచ్చాక కుట్లు మూసేసి, ముక్కను మధ్యకు మడిచి పక్కలు కలిపి కుట్టాలి. పైనుంచి 3 సెంటీమీటర్లు కుట్టాక, బొటనవేలి కోసం 5 సెంటీమీటర్లు వదిలేసి, మిగతాది కుట్టేస్తే సరి. ఈ అల్లిక సాగుతుంది కాబట్టి పెద్దవాళ్ల చేతుల్లో చాలావాటికి సరిపోతుంది. చిన్నపిల్లలకైతే 32 కుట్లు చాలు.

చిక్కంతా దారం దగ్గరే. "నాకు ఊలు పడదండీ" అని సూదులు పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. నిజంగా పడనిది ఏమిటో తేల్చుకోకుండా మానేయడం నాకు నచ్చదు.

ఉన్ని తగలగానే చురచురలాడడం ఎక్కువసార్లు అలర్జీ కాదు. అది పోగు మందానికి సంబంధించిన సంగతి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగుల కొనలు చర్మంలోకి వంగకుండా నిటారుగా పొడుస్తాయి, అక్కడి నరాలు ఆ పోటును పసిగడతాయి. మన దక్కను గొర్రెల ఉన్ని ముతక రకం. అందుకే గొంగడిని చొక్కా మీద కప్పుకుంటాం తప్ప ఒంటికి తగలనివ్వం. మెరినో గొర్రె ఉన్ని చాలావరకు 24 మైక్రాన్ల లోపే ఉంటుంది. సన్నరకం 18, 19 దాకా వస్తుంది. అది పొడవదు. తొడుగు తీసేసిన కాసేపటికే చురుకు తగ్గిపోయిందంటే ముతకదనమే కారణమై ఉండవచ్చు. అదే ఒకటి రెండు రోజుల తర్వాత ఎర్రబడి, పొక్కులు లేచి, దురద వదలకపోతే అలర్జీని అనుమానించాలి. ఉన్నిలో సహజంగా ఉండే లానోలిన్ అనే మైనం కొందరికి పడదు. వాళ్లకు కొన్ని ఆయింట్‌మెంట్లు, లిప్ బామ్‌లు కూడా పడవు, వాటిలోనూ అది ఉంటుంది కాబట్టి. చర్మ వైద్యులు ప్యాచ్ టెస్ట్ చేసి, అంటే అనుమానమున్న పదార్థాన్ని కాస్త చర్మానికి అంటించి చూసి, చెప్పగలరు. అల్లుతుంటే ఆయాసం, పిల్లికూతలు వస్తే మాత్రం ప్రయోగాలు వద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.

ఇంకో మాట. మన బజార్లో ఊలు అని అమ్మే ఉండల్లో ఎక్కువభాగం యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. అందులో గొర్రె బొచ్చు వీసమెత్తు ఉండదు. దాంతో దురద వచ్చినా నింద గొర్రె మీదే పడుతుంది! కారణం రంగు కావచ్చు. ముదురు రంగు వదిలి లేతరంగు దారంతో ఒకసారి అల్లి చూడండి. సూదుల్నీ వదలకండి. మెరిసే లోహపు సూదుల్లో చాలావాటికి నికెల్ పూత ఉంటుంది. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడేవాళ్లకు అల్లేటప్పుడు వేళ్లు దురద పెడుతున్నాయంటే ముందు మార్చాల్సింది సూదులే. వెదురు సూదులు దొరుకుతాయి.

మేక బొచ్చుతో చేసే మోహెయిర్, కుందేలు బొచ్చుతో చేసే అంగోరా లాంటి నూగు దారాల జోలికి మాత్రం నేను వెళ్లను. ఆ నూగు మన ముక్కులోకీ వెళ్తుంది, తీసుకున్నవాళ్ల అన్నంలోకీ వెళ్తుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం ఎందుకు?

మరి ఏ దారం? మన చేతికి పడాలి, తొడుక్కునేవాళ్లకూ పడాలి. వాళ్ల చర్మం సంగతి మనకు తెలియదు. హాస్టల్‌కైతే మెత్తని యాక్రిలిక్ మంచిది. అక్కడ బట్టలు ఎవరు ఎలా ఉతుకుతారో చెప్పలేం. ఖరీదైన మెరినోను వేడినీళ్లలో వేసి బాదితే ముడుచుకుపోయి గట్టి ముద్దవుతుంది. కానీ చలిమంట దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కు యాక్రిలిక్ ఇవ్వకండి. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు, కరగదు. మెరినో కొనడం కష్టమైతే నూలు, ఉన్ని కలిసిన దారం తీసుకోండి. వట్టి నూలు చర్మానికి హాయే గానీ తడిస్తే చల్లబడిపోతుంది, సాగిన చోట తిరిగి బిగుసుకోదు.

కొన్న దారంతో అరచేతి వెడల్పు ముక్క అల్లి, మోచేతి మడత లోపల ఒక పూట కట్టుకుని చూడండి. అక్కడి చర్మం పలుచన, త్వరగా చెప్పేస్తుంది. ముడులేమైనా ఉంటే పైకి రానివ్వండి, లోపలి వైపు ఒరుసుకోకూడదు. మేజోడు కొసను అతుకు తెలియకుండా మూసే కుట్టును అల్లేవాళ్లు కిచెనర్ కుట్టు అంటారు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసేనానిగా ఉన్న లార్డ్ కిచెనరే, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కాలివేళ్లు ఒరుసుకుపోకుండా దాన్ని ప్రచారంలోకి తెచ్చాడని ఒక కథ. నిజమెంతో గానీ, అతుకు పుండు చేస్తుందన్న మాట మాత్రం అబద్ధం కాదు.

పంపేముందు వార్డెన్‌తో మాట్లాడి పిల్లల వయసులు, ఎన్ని జతలు కావాలో కనుక్కోండి. వాసన లేని సబ్బుతో ఒకసారి ఉతికి ఆరేయండి. అగరొత్తుల పొగా, పెంపుడు పిల్లి వెంట్రుకలూ అంటకుండా కవర్‌లో పెట్టండి. ప్రతి జతకీ చిన్న చీటీ కట్టి, అది ఏ దారమో, చన్నీళ్లలో ఉతకాలో వేడినీళ్లకు తట్టుకుంటుందో రాయండి. ఎవరికైనా దద్దురు లేస్తే ఆ చీటీ చూసి వేరే దారంతో అల్లిన జత ఇస్తారు. కార్తీకం వెళ్లేలోగా పెట్టె బస్సెక్కేలా చూసుకోండి. సెలవు.