మైనస్ రెండు కోతులు

హోస్ట్: నమస్కారం. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు ఈ వారం మనతో ఉన్నారు. మాస్టారూ, గణిత చరిత్ర అనగానే సున్నా మనదే అని మొదలుపెడతాం కదా. అక్కడి నుంచే వెళ్దామా?

మాస్టారు: వద్దండీ. సున్నా మీద ఉపన్యాసాలు ఇప్పుడు పెళ్లి పందిట్లో కూడా వినిపిస్తున్నాయి. నాకు దాని పొరుగింటి సంగతి ఇష్టం, రుణ సంఖ్యలు. బ్రహ్మగుప్తుడు 628లో సున్నాకు నియమాలు రాసిన చోటే వీటికీ రాశాడు. ఒకటి ఆస్తి, ఒకటి అప్పు. రెండు అప్పుల లబ్ధం ఆస్తి అన్నాడు.

హోస్ట్: మా వీధి కిరాణా కొట్టాయన వింటే ఆ రోజే అరువు ఆపేస్తాడు!

మాస్టారు: (నవ్వుతూ) అందరికీ మింగుడుపడనిది అదే. నియమం ఒప్పుకుంటారు, జవాబు అలా వస్తే మాత్రం నమ్మరు. భాస్కరాచార్యుడి బీజగణితంలో కోతుల లెక్క ఉంది, 12వ శతాబ్దం నాటిది. మందలో అయిదో వంతు తీసుకుని, అందులోంచి మూడు తగ్గించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒకటి కొమ్మ మీద కనబడుతోంది. మొత్తం ఎన్ని?

హోస్ట్: వర్గ సమీకరణం. రెండు జవాబులు రావాలి.

మాస్టారు: యాభై, అయిదు. యాభైకి పేచీ లేదు: అయిదో వంతు పది, మూడు పోతే ఏడు, వర్గం నలభై తొమ్మిది, కొమ్మ మీది ఒకటి. ఇక అయిదు చూడండి. అయిదో వంతు ఒకటి. ఒకటిలోంచి మూడు పోతే?

హోస్ట్: మైనస్ రెండు. వర్గం నాలుగు, ఒకటి కలిపితే అయిదు. సరిపోయింది కదండీ!

మాస్టారు: కాగితం మీద సరిపోయింది. కానీ మైనస్ రెండు కోతులను ఎవరు నమ్ముతారు? భాస్కరుడూ అదే అన్నాడు, లోకం ఒప్పుకోదు కాబట్టి ఈ జవాబు వద్దని. అయినా దాన్ని చెరిపేయలేదు, రాసి మరీ తోసిపుచ్చాడు. నన్నడిగితే గణిత చరిత్ర అంతా అక్కడే ఉంది. ఎవరు ఏది ముందు కనిపెట్టారన్న పంచాయితీ కంటే, నమ్మలేని జవాబును ఎవరు దాచి ఉంచారన్నది నాకు ముఖ్యం.

హోస్ట్: యూరప్ వాళ్లు తేలిగ్గా నమ్మారా?

మాస్టారు: ఎక్కడ! 1758లో కూడా ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ రుణ సంఖ్యల మీద ఏకంగా పుస్తకమే రాసి తగువు పెట్టుకున్నాడు.

హోస్ట్: మరి రుణ సంఖ్యకు వర్గమూలం?

మాస్టారు: దానికి వర్గమూలమే లేదన్నాడు తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు. మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆయన గణితసార సంగ్రహాన్నే. తప్పేమీ అనలేదు, అప్పటికున్న సంఖ్యల్లో లేదు మరి. ఇటలీలో 1545లో కార్డానో పదిని రెండు భాగాలు చేసి, వాటి లబ్ధం నలభై రావాలనుకున్నాడు. మైనస్ పదిహేను వర్గమూలం ఎదురైంది. ఎందుకూ కొరగాదనుకుంటూనే రాసిపెట్టాడు. 1572లో బొంబెల్లి అలాంటి వాటితోనే కూడికలు, గుణకారాలు చేసి చూపించాడు. ఎక్స్ ఘనం, పదిహేను ఎక్స్ ప్లస్ నాలుగుకు సమానం అనుకోండి. జవాబు నాలుగే. కానీ సూత్రం పట్టుకుని వెళ్తే దారిలో మైనస్ 121 వర్గమూలం తగులుతుంది. దాన్ని దాటుకుని వెళ్తే మళ్లీ ఆ నాలుగే వస్తుంది.

హోస్ట్: అంటే లేని సంఖ్య మీదుగా ఉన్న సంఖ్యకు చేరాడన్నమాట. ఇప్పుడు వీటితో పనేమిటి?

మాస్టారు: ఈ మైకుకు కరెంటు వస్తోందా? ఏసీ కరెంటు లెక్కలను ఈ సంఖ్యలతో తేలిక చేయవచ్చని స్టైన్‌మెట్జ్ 1893లో చూపించాడు. ఇంజనీరింగ్ పిల్లలు నేటికీ అలాగే చేస్తారు.

హోస్ట్: 2010లో ప్రపంచ గణిత మహాసభలు మన ఊళ్లోనే జరిగాయి. మన దేశంలో అదే మొదటిసారి.

మాస్టారు: అవును, గణితాన్ని జనంలోకి తీసుకెళ్లేవారికి ఇచ్చే లీలావతి పురస్కారం అక్కడే మొదలైంది. భాస్కరుడి పుస్తకం పేరే అది. వినేవాళ్లు ఓ పని చేయండి. కోతుల లెక్కలో మూడు బదులు రెండు పెట్టి చూడండి. జవాబులు ఈసారి మరీ వికారంగా వస్తాయి!